సొంతంగా కన్సల్టెన్సీ పెడుతున్న మేనకోడలికి

చిట్టీ,

ఉద్యోగం మానేసి ఎయిర్‌పోర్ట్ ప్లానింగ్‌లో సొంతంగా కన్సల్టెన్సీ పెడుతున్నావట. ఈ సంగతి నాకు మీ అమ్మ చెప్పాలా? నువ్వే ఒక ఫోన్ కొట్టలేకపోయావా? మన పర్లాకిమిడి పిల్ల ఈ పనిలోకి దిగుతోందని వీధంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

జీఎస్టీ, ఆడిటర్, కరెంట్ అకౌంట్, అవన్నీ నువ్వు చూసుకుంటావు. ఖాళీ నేల మీద కట్టే కొత్త ఎయిర్‌పోర్టులకి కేంద్రం తెచ్చిన 2008 గ్రీన్‌ఫీల్డ్ పాలసీ, ముందు సైట్ క్లియరెన్స్, తర్వాత సూత్రప్రాయ ఆమోదం, నీకు కంఠతా వచ్చు. రన్‌వే పొడవుకి సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ 7 శాతం, ఆ మీద ఆ ఎత్తుకి ప్రామాణికమైన ఉష్ణోగ్రతని మించిన ఒక్కో డిగ్రీకి 1 శాతం కలపాలి. కోరాపుట్ కొండల్లోని జయపురం లాంటి చోట ఆ లెక్క చిన్నదేం కాదు.

నా భయమంతా ప్రయాణికుల అంచనా దగ్గర.

నేను పనిలో కొత్తగా చేరినప్పుడు మా పైన ఒక సీనియర్ ఉండేవాడు, పేరెందుకులే. కొండల పక్కన ఒక ఊరికి రిపోర్టు రాస్తూ మ్యాపు మీద వంద కిలోమీటర్ల సున్నా చుట్టి, లోపలున్న జనాభా అంతా ఈ ఎయిర్‌పోర్టుకే వస్తారని రాసేశాడు. ఆ జనంలో సగం ఘాట్ రోడ్డుకి అవతల ఉన్నారు. వాళ్ళ రైలు వెళ్ళేది వేరే దిక్కుకి, ఆసుపత్రి, కాలేజీ, బంగారం కొట్టు అన్నీ ఆ దిక్కునే. పైగా క్లయింటు ముందే చెప్పాడట, ఇంతమంది ప్రయాణికులు లేకపోతే ఫైలు కదలదని. సరిగ్గా అంతమందే వచ్చారు రిపోర్టులో! ఆ అంకె చూసే టెర్మినల్ కట్టారు, దానికోసమే మాగాణి తీసుకున్నారు. కొన్నాళ్ళు ఒక చిన్న విమానం వచ్చింది, తర్వాత అదీ లేదు. సీనియర్‌ని ఎవరూ ఏమీ అనలేదు, ఆయన అప్పటికే ఇంకో రాష్ట్రంలో ఇంకో సున్నా చుడుతున్నాడు. భూమి ఇచ్చినవాళ్ళు అక్కడే ఉన్నారు.

మన సంగతే చూడు. తాతయ్యకి కంటి ఆపరేషన్ అంటే భువనేశ్వర్ మాటే ఎవరూ ఎత్తలేదు. చిన్న బండిలో నౌపడ దాకా, అక్కడ పెద్ద రైలెక్కి విశాఖ. ఆయన దారంతా అరటిపళ్ళు కొనిపెట్టి, ఆపరేషన్ ఎవరికో అన్నట్టు కూర్చున్నాడు. కాగితం మీద మనం ఒడిశా, కానీ మన ప్రయాణాలు చాలావరకు విశాఖ వైపే. రాయగడ వాళ్ళూ పార్వతీపురం, బొబ్బిలి మీదుగా అటే వెళ్తారు. విశాఖ దగ్గరి భోగాపురం ఎయిర్‌పోర్టుని లెక్కలోకి తీసుకోకుండా దక్షిణ ఒడిశాకి ఎవరైనా అంచనా వేస్తే అది చింపి పారెయ్యి.

కిలోమీటర్లు కాదు, గంటలూ ఖర్చూ లెక్కపెట్టు. మన ఊళ్ళో సెంచూరియన్ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు సెలవులకి ఎలా పోతున్నారో అడుగు, దామంజోడిలో నాల్కో అల్యూమినియం ఫ్యాక్టరీకి, సునాబేడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీకి వచ్చే అధికారులు ఎక్కడ దిగుతున్నారో అడుగు. టికెట్ సొంత డబ్బుతో కొనేవాళ్ళు ఎందరో, కంపెనీ కొంటే ఎక్కేవాళ్ళు ఎందరో విడిగా రాసుకో.

చిన్న ఊళ్ళ రూట్లలో విమాన సంస్థల నష్టం పూడ్చే ఉడాన్ సబ్సిడీ ఉంది కదా మావయ్యా అంటావు. మొదటి విడతల్లో అది రూటుకి మూడేళ్ళే ఇచ్చారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన రిపోర్టు చదివావా? మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళూ నడిచినవి 112, ఆ తర్వాత కూడా నిలబడినవి 54. నాలుగో ఏడాది విమానం ఎవరి డబ్బుతో ఎగురుతుందో నీ రిపోర్టులో ఒక పేజీ ఉండాలి. తీసెయ్యమంటారు, తియ్యకు.

రాయగడ, కోరాపుట్ జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే రాజ్యాంగం గిరిజనులకి ప్రత్యేక రక్షణ ఇచ్చిన చోటు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం అక్కడ గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలి. అది కలెక్టరాఫీసు చూసుకుంటుందిలే అని వదలకుండా నువ్వే వెళ్ళి కూర్చో. నీకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు, కొండ ఊళ్ళలో అవీ చాలవు. అక్కడి గిరిజన భాషలు కువి, సొర మాట్లాడేవాళ్ళని వెంట పెట్టుకో, వాళ్ళకి కూలీ సరిగా ఇవ్వు.

ఇంకోటి, ప్రాజెక్టుకి ఆమోదం వస్తేనే చివరి విడత ఫీజు అనే షరతు ఒప్పుకోకు. ఆ షరతు ఉంటే నీ చేత కూడా ఆ సున్నా చుట్టిస్తారు. డబ్బు ఆగిపోతే నన్నడుగు, సిగ్గుపడకు, మీ అత్తకి చెప్పనులే.

ఒప్పందం సంతకం పెట్టకముందే పీడీఎఫ్ నాకు వాట్సాప్ చెయ్యి. ఫోటోలు తీసి పంపకు, నా కళ్ళకి ఆనవు.

మావయ్య