ముందు చీపురు, తర్వాతే తోరణం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ ఊరి మెయిన్ స్ట్రీట్‌లో మూడో వంతు కొట్లు మూతపడ్డాయనీ, మిగిలినవాళ్ళంతా కలిసి బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ (వీధి బాగుకోసం అందరూ తప్పనిసరిగా తలా కొంత కట్టే ఏర్పాటు) పెట్టుకోబోతున్నారనీ, నిన్ను బోర్డులోకి రమ్మంటున్నారనీ రాశావు. హోటల్ తెరిచి రెండేళ్ళు కూడా కాలేదు, నాకెందుకీ బాధ్యత అని అడిగావు. తప్పకుండా ఒప్పుకో. న్యూజెర్సీలో మా ఊరి బోర్డులో పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ చేసిన తప్పులు, నేర్చుకున్న సంగతులు నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకో. 1960లలో కెనడాలోని టొరంటోలో బ్లోర్ వీధి కిందుగా సబ్‌వే వచ్చింది. అంతవరకు ట్రాముల్లో వీధి మీద తిరిగిన జనం భూమి కిందికి వెళ్ళిపోయారు. మరోవైపు పెద్ద మాల్స్ వెలిశాయి. వీధిని బాగుచేసుకుందామంటే చందాలు అందరూ ఇవ్వరు. వినాయక చవితి పందిరికి చందా ఎగ్గొట్టినవాడి ఇంటి ముందు కూడా దీపాలు వెలుగుతాయి కదా, అదే ఇబ్బంది. అందుకని హద్దులోపలి వ్యాపారులంతా తలా కొంత కట్టేలా చట్టం తెప్పించుకుని, 1970లో ఆ వీధిలోనే బ్లోర్ వెస్ట్ విలేజ్ అనే పేటవాళ్ళు మొదటి డిస్ట్రిక్ట్ ఏర్పాటు చేసుకున్నారు. ఇవాళ ఒక్క అమెరికాలోనే ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. సాధారణంగా ఊరే ఆస్తిపన్నుతో పాటు ఈ అదనపు సొమ్ము వసూలు చేసి బోర్డుకు అప్పగిస్తుంది. బోర్డు దాన్ని ఆ హద్దులోనే ఖర్చు పెట్టాలి.

న్యూయార్క్ నగరంలో సగానికి పైగా ఆస్తి యజమానులు అభ్యంతరం రాసిస్తే పథకం ఆగిపోతుంది. మన న్యూజెర్సీలో ఊరి కౌన్సిల్ ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) చేస్తే డిస్ట్రిక్ట్ ఏర్పడుతుంది. అంత సులువు కాబట్టే నువ్వు మరింత జాగ్రత్తగా ఉండాలి. కౌన్సిల్ ఓటు ముగిశాక కాదు, ముందే ప్రతి కొట్టు మెట్లూ ఎక్కు. ఒప్పుకున్నవాళ్ళ దగ్గరకంటే కాదన్నవాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చో.

ఇప్పుడు అసలు విషయం. మొదటి ఏడాది వచ్చిన డబ్బుతో మేము వీధి మొదట్లో ఇనుప తోరణం నిలబెట్టాం. స్తంభాలకు రంగు జెండాలు కట్టాం. ప్రారంభోత్సవానికి బాజాలు కూడా వచ్చాయి. మర్నాడు ఉదయం ఆ తోరణం కిందే నిన్నటి కాగితపు కప్పులు దొర్లుతున్నాయి. అది చూసి చెప్పుల కొట్టు పెద్దాయన నన్ను పిలిచి, 'నా డబ్బు జెండాకి పోయింది, నా గుమ్మం ముందు చెత్త మాత్రం అలాగే ఉంది' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నమ్మకం మళ్ళీ సంపాదించడానికి మాకు మూడేళ్ళు పట్టింది.

ఫిలడెల్ఫియాలో సెంటర్ సిటీ డిస్ట్రిక్ట్ 1991లో పని మొదలుపెట్టినప్పుడు పేవ్‌మెంట్లు ఊడ్చి కడగడంతో, యూనిఫాంలో మనుషులను వీధుల్లో తిప్పడంతో మొదలుపెట్టింది. దీపాలు, చెట్లు, పార్కులు ఆ తర్వాత వచ్చాయి. ఆ వరుస ఎంత సరైనదో మాకు ఆలస్యంగా తెలిసింది. రెండో ఏడాది వేడినీళ్ళ యంత్రం అద్దెకు తెచ్చాం. ఉదయం ఐదున్నరకు నేనూ వెళ్ళి నిలబడ్డాను. పేవ్‌మెంట్ నిండా నల్లమచ్చలు. సిమెంటు రంగే అంత అనుకునేవాణ్ణి. పనివాడు గొట్టం వంచి ఒక్కో మచ్చ మీద ఆవిరి పట్టించాడు. పెనం మీద అట్టు అంచు వదిలినట్టు మచ్చ అంచు లేచి, మొత్తం ఊడివచ్చింది. అదంతా ఏళ్ళ తరబడి జనం నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్. మధ్యాహ్నానికి వీధి రంగే మారిపోయింది. ఆ వారమే ఇద్దరు కొట్టువాళ్ళు చెప్పకుండానే తమ అద్దాలు కడుక్కున్నారు.

తెనాలి బజారులో మా నాన్నగారు కొట్టు తలుపు తీయగానే ముందు వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేవారు. పక్కవాళ్ళూ అంతే. కానీ మధ్యలో మూతపడిన కొట్టు ఒకటి ఉంటే అందరి చెత్తా దాని ముందుకు చేరేది. ఎవరి గుమ్మమూ కాని ఆ జాగాను ఊడ్చడానికే నువ్వు ఈ బోర్డులో కూర్చుంటున్నావు.

ఊరితో కాగితం రాయించుకోవడం మరిచిపోవద్దు. మీరు ఊడ్చడం మొదలుపెట్టగానే, ఎలాగూ వాళ్ళు చూసుకుంటున్నారు కదా అని ఊరి పారిశుద్ధ్య బండి రావడం తగ్గుతుంది. ఇప్పుడు వారానికి ఎన్నిసార్లు ఊడుస్తున్నారు, ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, మంచు పడితే ఎన్ని గంటల్లో తీస్తున్నారు, అన్నీ లెక్కగట్టి, డిస్ట్రిక్ట్ వచ్చాక కూడా వీటిని తగ్గించబోమని ఒప్పందం చేయించు. మీరు కట్టేది అదనపు సొమ్ము. దానికి తగ్గట్టు అదనపు పని కనిపించాలి.

ఎవరు కడుతున్నారో కూడా కళ్ళారా చూడు. బిల్లు వచ్చేది భవనం యజమాని పేరు మీద. చాలా లీజుల్లో ఆస్తిపన్ను, అసెస్‌మెంట్ (డిస్ట్రిక్ట్ కోసం వసూలు చేసే ఆ అదనపు సొమ్ము) అద్దెదారుడే భరించాలని ఉంటుంది. మా వీధిలో బట్టలు కుట్టే ఒక అమ్మ తన అద్దె బిల్లు తెచ్చి నా బల్ల మీద పరిచింది. అద్దె కింద ఇంకో గీత, అందులో మా డిస్ట్రిక్ట్ సొమ్ము. 'ఈ డబ్బు నేను కడుతున్నాను, ఓటు మాత్రం మా యజమానికి ఉంది. ఆయన ఇక్కడ అడుగు పెట్టి ఆరేళ్ళయింది' అంది. ఆమె మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. ఆ తర్వాత అద్దెదారులకు బోర్డులో మరో రెండు స్థానాలు ఇవ్వాలని పట్టుబట్టాను. నువ్వు అది మొదటిరోజే అడుగు. వీధి బాగుపడితే అద్దెలు పెరుగుతాయి, ఆ వీధిని ఊడ్చి బాగుచేసిన చిన్న కొట్టే ముందు ఖాళీ చేయాల్సి వస్తుంది. కాబట్టి నీ లీజు పొడిగింపు సంగతి ఇప్పుడే తేల్చుకో, పక్కవాళ్ళను కూడా తేల్చుకోమను.

కూర్చునే చోటు గురించి ఒక మాట. న్యూయార్క్‌లో పెద్ద గ్రంథాలయం వెనుక ఉన్న బ్రయంట్ పార్క్ ఒకప్పుడు మాదకద్రవ్యాలు అమ్మేవాళ్ళ అడ్డా. 1988లో మూసి, 1992లో తెరిచారు. జనం బహిరంగ ప్రదేశాల్లో ఎలా కూర్చుంటారో ఏళ్ళ తరబడి గమనించిన విలియం వైట్ సలహా తీసుకుని లోపలికి దారులు తెరిచారు, నేలకు బిగించని తేలికపాటి కుర్చీలు వేశారు. నేను అక్కడ ఒక గంట కూర్చుని చూశాను. ఒకావిడ వచ్చి కుర్చీని జానెడు పక్కకు జరుపుకుని కూర్చుంది. నీడ కోసమూ కాదు, ఎండ కోసమూ కాదు. తన చోటు తను ఎంచుకున్నానన్న తృప్తి కోసం. మీ వీధిలో ఖాళీ జాగా ఉంటే బిగించిన సిమెంటు బల్లలు వద్దు, కుర్చీలు వేయించు. కొన్ని పోతాయి. పోనివ్వు.

పార్కింగ్ దగ్గర నీకు గొడవ తప్పదు. మీటర్లు పెడితే కస్టమర్లు రారని అందరూ అంటారు. కాలిఫోర్నియాలో ఓల్డ్ పాసడీనా వ్యాపారులు కూడా అలాగే అన్నారు. అక్కడ రోడ్డు పక్క జాగాల్లో పొద్దంతా నిలిచేవి చాలావరకు కొట్లవాళ్ళ, వాళ్ళ పనివాళ్ళ కార్లే. 1993లో గంటకు డాలరు చొప్పున మీటర్లు పెట్టి, వచ్చిన సొమ్మంతా ఆ వీధుల చెట్లకు, దీపాలకు, సందులకే ఖర్చు పెడతామని ఊరు మాట ఇచ్చాకే వాళ్ళు ఒప్పుకున్నారు. మీటరు డబ్బు ఊరి ఖజానాలో కలిసిపోతుందంటే నువ్వూ ఒప్పుకోవద్దు.

బోర్డు చేతిలో లేని పని ఒకటుంది. కొట్ల పై అంతస్తులు ఖాళీగా ఉంటే సాయంత్రం ఆరు తర్వాత వీధి చచ్చిపోతుంది. ఫిలడెల్ఫియా 1997లో, పాత ఖాళీ భవనాలను ఇళ్ళుగా మార్చేవాళ్ళకు ఆ మార్పుతో పెరిగిన విలువ మీద పదేళ్ళు ఆస్తిపన్ను మాఫీ చేసింది. మీ ఊరిలో పై అంతస్తులో కాపురం ఉండడానికి జోనింగ్ నిబంధనలు (ఏ భవనాన్ని దేనికి వాడవచ్చో చెప్పేవి) అనుమతిస్తాయో లేదో కనుక్కో. అనుమతించకపోతే కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి మాట్లాడు. పై అంతస్తు కిటికీలో దీపం ఉంటే కింద నీ హోటల్లో రాత్రి తొమ్మిదికి కూడా ఇద్దరు కూర్చుంటారు.

గుమ్మంలో నిద్రపోయే నిరాశ్రయులను తరిమేయాలని ఎవరో ఒకరు తప్పకుండా ప్రతిపాదిస్తారు. ఒప్పుకోవద్దు నాయనా. తరిమితే పక్క వీధికి వెళతారు, అంతే. గార్డుకు పెట్టే జీతంలో కొంత, వాళ్ళ పేర్లు తెలిసిన, ఆశ్రయం వెతికిపెట్టగల సామాజిక కార్యకర్తకు పెట్టించు. మా వీధిలో అలా ఒక పెద్దాయనకు గది దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది.

వచ్చే నెల రెండో శనివారం మీ ఊరు వస్తున్నాను. ఉదయం ఆరింటికి సిద్ధంగా ఉండు, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుద్దాం. నోటుపుస్తకం తెచ్చుకో. ఆరిపోయిన దీపాలు, పగిలిన పలకలు, మూసిన కొట్లు, వాటి యజమానులు ఎవరు అన్నీ రాసుకుందాం. ఈలోగా నీ లీజు నకలు నాకు పంపు, ఆ అసెస్‌మెంట్ గీత ఎక్కడుందో చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య