అఫ్గానిస్తాన్ ఉజ్బెక్ సేనాని దోస్తుమ్ అన్నిసార్లు పక్షం మార్చినా ఉపాధ్యక్షుడి దాకా ఎలా వెళ్లాడు?

"అందర్నీ వెన్నుపోటు పొడిచిన మనిషిని మళ్లీ మళ్లీ ఎలా నమ్మారు?" అని అడిగారు. నిజానికి ఎవరూ నమ్మలేదు. ఉత్తరాది ఉజ్బెక్కులు ఆయన వెంట ఉన్నారు, అందుకని పిలిచారు. ఆయన పక్షం మార్చిన ప్రతిసారీ జీతాలకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో చూస్తే సగం చిక్కు వీడిపోతుంది.

దోస్తుమ్ అసలు పేరు అబ్దుల్ రషీద్. 1954లో జౌజ్జాన్ రాష్ట్రంలో, షిబర్ఘాన్ దగ్గరి పల్లెలో పుట్టాడు. కుర్రతనంలో అక్కడి ప్రభుత్వ గ్యాస్ క్షేత్రంలో కూలీ, తర్వాత సైన్యంలో పారాట్రూపర్. దోస్తుమ్ అనేది ముద్దుపేరు, 'నా మిత్రుడా' అని. మన తెలంగాణ దోస్తూ ఆ పారశీక మాటే. సోవియట్ అండ ఉన్న అధ్యక్షుడు నజీబుల్లా హయాంలో ఆయన మిలీషియా 53వ డివిజన్ అయింది. వీళ్లని దక్షిణాదికి, తూర్పుకి పంపి ప్రభుత్వం మీద తిరగబడ్డ ముజాహిదీన్‌తో పోరాడించేవారు. కొల్లగొట్టడంలో వీళ్లకున్న పేరుకి జనం 'గిలమ్ జమ్' అన్నారు, అంటే తివాచీలు చుట్టుకుపోయేవాళ్లని. జీతాలు కాబూల్ ఇచ్చేది, కాబూల్‌కి మాస్కో ఇచ్చేది.

1991 చివర్లో సోవియట్ యూనియన్ పోయింది, సాయం ఆగింది. అప్పుడు గొడవ మొదలైంది హైరతాన్‌లో. ఉజ్బెకిస్తాన్ సరిహద్దు నది ఆమూ దరియా మీది వంతెన దగ్గరి ఊరు అది. ఇంధనం, సరుకు, ఆయుధాలు చాలామటుకు ఆ దారినే దిగేవి. అక్కడి సేనాని జనరల్ మోమిన్ తాజిక్ జాతివాడు. 1992 మొదట్లో ఆయన్ని తీసేసి తన జాతి పష్తూన్ అధికారిని పెట్టాలని నజీబుల్లా చూశాడు. మోమిన్ కదలనన్నాడు, దోస్తుమ్ అండగా నిలిచాడు, ఇద్దరూ ముజాహిదీన్ నాయకుడు అహ్మద్ షా మసూద్‌తో చేతులు కలిపారు. మార్చిలో ఉత్తరాది పెద్ద నగరం మజారె షరీఫ్ వాళ్లదైంది. ఏప్రిల్ నడుమ ఒక రాత్రి ఐక్యరాజ్యసమితి విమానం ఎక్కి దేశం దాటాలని నజీబుల్లా కాబూల్ విమానాశ్రయానికి బయల్దేరితే, అక్కడ కాపలా ఉన్నది దోస్తుమ్ మనుషులే! కారుని వెనక్కి తిప్పేశారు. ఆయన ఐరాస ఆవరణలో తలదాచుకుని, 1996లో తాలిబాన్ చంపేదాకా అక్కడే ఉండిపోయాడు.

ఆ తర్వాత మజార్‌లో దోస్తుమ్‌ది దాదాపు సొంత రాజ్యం: జున్‌బిష్ పార్టీ, సొంత నోట్లు, బల్ఖ్ ఎయిర్ అని ఓ విమాన సంస్థ. 1994 జనవరి 1న మసూద్‌ని వదిలి, అతని ప్రత్యర్థి ముజాహిదీన్ నాయకుడు హెక్మత్యార్‌తో కలిసి కాబూల్ మీద పడ్డాడు.

అయితే డబ్బుతో నడిచే సైన్యంలో ఒక లోపం ఉంది. కింది సేనానికి సొంత ఊళ్లు, సొంత మనుషులు ఉంటే వాడూ అదే బేరం ఆడగలడు. దోస్తుమ్ కింది సేనాని, ఫర్యాబ్ రాష్ట్రంలో బలమున్న రసూల్ పహ్లవాన్ 1996లో హత్యకి గురయ్యాడు. తమ్ముడు మాలిక్ అనుమానం దోస్తుమ్ మీదే. 1997 మేలో మాలిక్ తాలిబాన్‌కి తలుపు తీశాడు. దోస్తుమ్ ఉజ్బెకిస్తాన్ మీదుగా టర్కీకి పారిపోయాడు. దారి వదలడానికి సొంత సైనికులకే డాలర్లు లంచమివ్వాల్సి వచ్చిందని అప్పటి కథనాలు. కొద్ది రోజులకే మాలిక్ తాలిబాన్ మీదా తిరగబడ్డాడు.

2001లో తిరిగొచ్చి, అమెరికా ప్రత్యేక దళాలతో గుర్రాల మీద వెళ్లి నవంబరులో మజార్ పట్టుకున్నాడు. లొంగిపోయిన తాలిబాన్ ఖైదీలు కంటెయినర్లలో ఊపిరాడక చనిపోయిన దష్తె లైలీ మచ్చ మాత్రం ఆయన్ని వదల్లేదు. 2004 అధ్యక్ష ఎన్నికల్లో నాలుగో స్థానం, సుమారు 10 శాతం ఓట్లు. ఆ పది శాతమే ఆ తర్వాతి పెట్టుబడి. 2009లో పోలింగుకి కొద్ది రోజుల ముందు అప్పటి అధ్యక్షుడు కర్జాయ్ ఆయన్ని టర్కీ నుంచి రప్పించుకున్నాడు. అదే ఏడాది దోస్తుమ్‌ని హంతకుడన్న అష్రఫ్ ఘనీ, 2014లో తాను అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ తన పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టుకున్నాడు! పదవి వచ్చింది గానీ, రాజకీయ ప్రత్యర్థిని నిర్బంధించి హింసించాడన్న ఆరోపణతో (ఆయన కాదన్నాడు) 2017లో మళ్లీ టర్కీ.

2020లో మార్షల్ హోదా దక్కేనాటికి చేతిలో పాత 53వ డివిజన్ లేదు. 2021 ఆగస్టు 7న షిబర్ఘాన్, 14న మజార్ పడ్డాయి. దోస్తుమ్ హైరతాన్ దారినే ఉజ్బెకిస్తాన్‌కి దాటుకున్నాడు.