ఉయ్యాల సరే, నేల సంగతి చూడు

అమ్మడూ,

మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు, మండువా ఇంట్లో ఉయ్యాల బల్ల, భోషాణం, తలుపులు అన్నీ సంక్రాంతికల్లా నువ్వే పాలిష్ చేస్తానన్నావట, పనివాణ్ణి పెడదామంటే ఒద్దన్నావట. విని ఎంత మురిసిపోయానో అంత టెన్షనూ పట్టుకుంది. వాట్సాప్‌లో చెబితే బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు, అందుకని తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

తేలికవి ముందు. దుమ్ము దులిపి, పిండిన గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వు. ముసురు పట్టిన రోజున పని పెట్టుకోకు. మైనం పాలిష్ పల్చగా రాసి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి, పాత నూలు పంచె ముక్కతో రుద్దు. మర్నాడు ఇంకోసారి. అంతే. మెరుపు వచ్చేది రుద్దితేనే గానీ దండిగా పూస్తే కాదు. ఏటికొప్పాకలో బొమ్మలకి లక్క పట్టించాక మొగలి ఆకు నొక్కిపెట్టి నిగ్గు తేలుస్తారు, ఎప్పుడైనా వెళ్ళి చూడు.

సాండ్ పేపర్ మాత్రం ముట్టుకోకు. భోషాణం మీదున్నది లక్కని స్పిరిట్లో కరిగించి పూసిన పాత పాలిష్ అనే నా నమ్మకం. వెనక కనపడని మూల ఒక్క చుక్క స్పిరిట్ వేసి చూడు, జిగురు తేలితే లక్కే. దాన్ని గీకి తీసెయ్యక్కర్లేదు, దాని మీదే మైనం చక్కగా పడుతుంది. గీకి పచ్చి కర్ర బయటపెట్టి నేరుగా మైనం రాశావంటే ఏడాది తిరిగేలోపు చేతుల మురికంతా పీల్చుకుని నల్లబడుతుంది. పాలిష్ చేశాక దాని మీద కాఫీ గ్లాసు పెట్టావో, గుండ్రంగా మచ్చ పడుతుంది, అప్పుడు నాకు ఫోన్ చేసి ఏడవకు. చెదలకి మైనం మందు కాదు, అది వేరే సంగతి. గడప జోలికి అసలు వెళ్ళకు. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాసేచోట మైనం నిలవదు సరికదా, తొక్కితే కాలు జారుతుంది.

పాలిష్ ఇంట్లోనే కలుపుతానన్నావట. తేనె మైనం తెచ్చుకో, కొవ్వొత్తుల మైనం కాదు. వంద గ్రాములకి మూడొందల మిల్లీలీటర్ల టర్పెంటైన్ సరిపోతుంది, చల్లారాక గడ్డ పెరుగులా ఉంటే కుదిరినట్టే. కానీ యూట్యూబ్‌లో ఎవరో రెండూ ఒకే గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టారని మీ నాన్న అన్నప్పుడు నాకు గుండె జారిపోయింది. అలా చేశావంటే వచ్చి చెవి మెలేస్తాను. మైనం 62, 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెడితే చాలు. టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల దగ్గరే చిన్న నిప్పు తగిలినా అంటుకుంటుంది, మన కోనసీమలో వేసవి మధ్యాహ్నాలు అంతకంటే వేడిగా ఉంటాయి కదా! కాబట్టి మైనం కరిగాక స్టవ్ ఆపు, గిన్నె పెరట్లోకి తీసుకుపో, అక్కడ కలుపు. అవిసె నూనె కూడా వాడితే ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా తీగ మీద ఆరెయ్యి, లేదా నీళ్ళలో ముంచిపెట్టు.

నువ్వు అనుకున్నది ఉయ్యాల గురించి. నేను చెప్పాలనుకున్నది నేల గురించి. ఉయ్యాల నిగనిగలాడాక ఆ ఎర్ర గచ్చు వెలవెలబోతూ కనిపిస్తుంది, దానికీ కాస్త రాద్దామనిపిస్తుంది. మీ నాన్నకీ అలాగే అనిపించింది. నువ్వు ఇంకా పుట్టలేదు, వాడికి కొత్తగా ఉద్యోగం వచ్చింది, పండక్కి ఇంటికొస్తూ నేలకి రాసే ఎర్ర మైనం పాలిష్ డబ్బాలు మోసుకొచ్చాడు. తెల్లారగట్ల లేచి మండువా చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ పూశాడు. ప్రేమ ఎక్కువై దట్టంగా పూశాడు. పైన ఆరినట్టే ఉంది, కింద మెత్తగానే ఉండిపోయింది. మందంగా పూస్తే లోపలి టర్పెంటైన్ తొందరగా బయటికి పోదు, ఎంత రుద్దినా ఆ జిడ్డు కదలదు. అప్పటికి వాడికీ తెలియదు, మాకూ తెలియదు. అద్దంలా ఉందని వీధి వీధంతా వచ్చి చూశారు.

మీ నానమ్మ స్నానం చేసి తడికాళ్ళతో వంటింట్లోకి వెళ్తూ ఉయ్యాల పక్కనే పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా కర్ర లేకుండా మళ్ళీ నడవలేదు. చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడ్డాయని చెప్పింది, అందరికీ అదే చెప్పింది, పోయేదాకా అదే మాట మీద ఉంది. నీకూ ఆ కుచ్చిళ్ళ కథే చెప్పుంటారు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకునే ఉంది. ఆ తర్వాత మీ నాన్న నేల పాలిష్ మాటెత్తలేదు, అంటే వాడికీ తెలుసనే అనుకుంటాను. ఇది వాడికి చదివి వినిపించకు.

అంచేత గచ్చుని సబ్బునీళ్ళతో కడిగి వదిలెయ్. మరీ మనసు ఒప్పకపోతే గోడ వారన, ఎవరూ నడవనిచోట, వేలిముద్ర పడనంత పల్చగా రాసి, చేతులు పడిపోయేదాకా రుద్దు. ఉయ్యాల కింద, వంటింటి దారిలో ఒద్దు. మీ అమ్మకి ఇప్పటికే మోకాళ్ళ నొప్పులు, పైగా తడికాళ్ళతో పరిగెత్తే అలవాటు.

మీ మావయ్య పాత పంచెలు నాలుగు ఉతికి పెట్టాను, బస్సులో పంపిస్తాను. ఉయ్యాల బల్ల దించేటప్పుడు ఒక్కదానివే దించకు, బర్మా టేకు, చాలా బరువు. దించాక పైన దూలానికున్న కొక్కేలు అరిగాయేమో వడ్రంగికి చూపించు, అవి చూడకుండా మళ్ళీ ఎక్కించకు.

మీ అత్త