గోడ మీద హీరో, ఒళ్లో పిల్లి

ప్రశ్న: మాది సికింద్రాబాద్. మా బాబు పదో తరగతి. గదినిండా ఫుట్‌బాల్ ఆటగాళ్ల పోస్టర్లు, అందులో ఇంగ్లండ్ ఆటగాడు రాష్‌ఫోర్డ్ అంటే ప్రాణం. తీరిక దొరికితే కంప్యూటర్‌లో రోబోలు, అంతరిక్షం ఆటలు. ఈమధ్య పిల్లి తిరిగే ఆట ఏదో ఆడి, సెల్లార్‌లో దొరికిన పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుకున్నాడు. వచ్చి రెండు నెలలైంది. మాతో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడతాడు. మాది గుడ్డు కూడా రాని ఇల్లు. అత్తగారికి పిల్లి ఎదురొస్తేనే అపశకునం. పోయిన ఆదివారం మా వారు, ఒక ఫుట్‌బాలర్ పిల్లిని తన్నే పాత వీడియో వాడికి చూపించి, "ఇదిగో, మీ హీరోల బతుకు ఇదీ" అన్నారు. వాడు పోస్టర్లన్నీ చింపేశాడు. ఆ రోజు నుంచి నాన్నతో మాటల్లేవు. స్కూల్‌కి మాత్రం వెళ్తున్నాడు, మార్కులూ ఫర్వాలేదు. సైకియాట్రిస్ట్‌కి చూపించమంటారా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, స్కూల్‌కి వెళ్తున్నాడు, చదువుతున్నాడు, ఒక మూగజీవాన్ని రెండు నెలలుగా సాకుతున్నాడు. ఇందులో జబ్బేమీ నాకు కనబడలేదు. కనబడింది మీ వారు ఆదివారం చేసిన పని. కోపంగా రాయడం లేదు, ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. పదో తరగతి పిల్లాడున్న ఏ తండ్రికైనా పోస్టర్లను చూస్తే పుస్తకాలే గుర్తొస్తాయి. కానీ వాడు ఇష్టపడే రెండింటినీ కలిపి, ఒకదాంతో ఇంకోదాన్ని కొట్టారు. పిల్లిని ప్రేమించే పిల్లాడికి పిల్లిని తన్నే వీడియో చూపించి, "నీ హీరోలు వీళ్లే" అనడం వాదన కాదు, గాయం.

పైగా ఆ వీడియోలో ఉన్నది రాష్‌ఫోర్డ్ కాదు. మీ వారు చూపించింది 2022 ఫిబ్రవరిలో బయటికొచ్చిన వీడియో అనుకుంటున్నాను. లండన్ ఫుట్‌బాల్ క్లబ్ వెస్ట్ హామ్‌కు అప్పట్లో ఆడుతున్న డిఫెండర్ కర్ట్ జూమా సొంత ఇంట్లో తన పిల్లిని తన్నాడు, చెంపదెబ్బ కొట్టాడు. తీసినవాడు అతని తమ్ముడే. క్లబ్ రెండున్నర లక్షల పౌండ్లు జరిమానా వేసింది. ఆ జూన్‌లో లండన్ కోర్టు 180 గంటలు జీతం లేని సమాజ సేవ చేయమంది, ఐదేళ్లు పిల్లుల్ని పెంచకూడదని నిషేధించింది. వీడియో చూపించినవాళ్లు ఇదంతా కూడా చెప్పాలి కదా. ఇంకొకటి. వీడియో బయటపడిన మర్నాడే కోచ్ అతన్ని మ్యాచ్‌లో దించితే, స్టేడియంలో సొంత అభిమానులే గేలి చేశారు. ఆట బాగుంటే చాలు, మనిషి ఎలా ఉన్నా పర్వాలేదని ఫుట్‌బాల్ పిచ్చోళ్లు అనుకుంటారని మీ వారి ఉద్దేశమైతే, ఆ రోజు వాళ్లు అలా అనుకోలేదు.

ఇక రాష్‌ఫోర్డ్. వాడికి ఆయన ఎందుకు నచ్చాడో ఎప్పుడైనా అడిగారా? గోల్స్ వల్లే కావచ్చు. కాకపోతే, 2020 జూన్‌లో ఇంగ్లండ్‌లో ఆయన చేసిన పని వాడికి తెలిసే ఉంటుంది. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. పేద పిల్లలకు బడిలో పెట్టే ఉచిత భోజనాన్ని వేసవి సెలవుల్లోనూ ఇవ్వాలని పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ రాశాడు. అమ్మ ఒక్కతే కష్టపడి ఐదుగురు పిల్లల్ని పెంచిన ఇంటి నుంచి వచ్చినవాడు. ముందు కుదరదన్న ప్రభుత్వం ఒక్క రోజులో వెనక్కి తగ్గింది. సుమారు 13 లక్షల మంది పిల్లలకు భోజనం వోచర్లు అందాయి. అదే మనిషి తర్వాత క్రమశిక్షణ విషయంలో తన క్లబ్బుతోనే ఇబ్బందులు పడ్డాడు, అదీ పేపర్లలో వచ్చింది. ఒక మనిషిలో మెచ్చుకోవాల్సింది తీసుకుని మిగతాది వదిలేయడం మీ వాడికి ఈ వయసులో అలవాటు కావాలంటే, ఇలాంటి రెండు వైపులూ ఉన్న మనుషులే పనికొస్తారు. దేవుడి పటంలా నిలబెట్టిన హీరో పడిపోతే పోస్టర్లు చిరుగుతాయి. మీ ఇంట్లో జరిగింది అదే.

మీ వారికి ఒక దారి చెబుతాను. తప్పు ఒప్పుకోమని ఆయన్ని కూర్చోబెట్టకండి, మన మగవాళ్లకు అది పట్టదు. ఫుట్‌బాల్ మాటే ఎత్తమనండి. భారత ఫుట్‌బాల్ జట్టుకు ఏళ్లపాటు కెప్టెన్‌గా ఉన్న సునీల్ ఛెత్రి 1984లో మీ సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనకు బంగారు పతకం తెచ్చిన జట్టుకు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, మొదట్లో బడిపంతులు. మీ అత్తగారి తరం వాళ్లకు ఆ పేరు తెలిసే ఉండొచ్చు. అడిగి చూడండి, పిల్లి సంగతి కాసేపు పక్కకు పోతుంది.

మ్యాచ్‌ల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. చలికాలంలో యూరప్ వారం మధ్య మ్యాచ్‌లు మన దగ్గర రాత్రి ఒంటిగంటన్నరకు మొదలవుతాయి. అవి వద్దు, పొద్దున్న హైలైట్స్ చాలు. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేవి చూడనివ్వండి. వీలైతే మీ వారూ పక్కన కూర్చోవాలి.

ఆటల గురించి క్లుప్తంగా. వాడు ఆడింది "స్ట్రే" అయ్యుంటుంది, 2022లో వచ్చింది. తన వాళ్ల నుంచి తప్పిపోయిన ఒక పిల్లి, మనుషుల్లేని రోబోల నగరంలో దారి వెతుక్కుంటుంది. మొదలూ చివరా ఉన్న కథ, కొన్ని గంటల్లో అయిపోతుంది. నన్నడిగితే భయపడాల్సింది ఇలాంటివాటికి కాదు, చివరే లేకుండా రోజూ రప్పించుకునే ఆన్‌లైన్ ఆటలకు. ఆట మధ్యలో వైఫై కట్టేయకండి, సేవ్ అయ్యేదాకా ఆగి అప్పుడు లేవమనండి. ఎంతసేపు ఆడాలో తన చేతిలో లేకపోవడం, తిండీ నిద్రా చదువూ వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ నెలల తరబడి సాగితే అది వేరే సంగతి. అప్పుడు 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు.

మీ ఇంట్లో అసలు చిక్కు పిల్లి తిండి. పెరుగన్నం మీద అది బతకదు. టారిన్ అనే పోషకం పిల్లికి తిండి నుంచే రావాలి, అది మాంసాహారంలో ఉంటుంది. అది అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. ఆవుపాలు చాలా పిల్లులకు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లుల కోసం అమ్మే పొడి ఆహారంలో టారిన్ కలుపుతారు. వంటింట్లోకి రానక్కర్లేదు. బాల్కనీలో ఒక డబ్బా, ఒక గిన్నె, కడగడం వాడి పని. ఇసుక ట్రే శుభ్రం చేయడమూ రోజూ వాడిదే. ఈ షరతు అత్తగారి ఎదుటే వాడితో ఒప్పించండి. శకునాల మీద ఆవిడతో వాదన పెట్టుకోకండి. బయటికెళ్లేటప్పుడు పిల్లి గదిలో ఉంటుంది, అంతే.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు, మీ పిల్లికి ఆ వయసు వచ్చే ఉంటుంది. ఐదారు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఎవరినైనా కరిచినా, రక్కినా సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. టీకా రోజు పశువైద్యుడి దగ్గరికి బండి మీ వారే తీయాలి, బుట్ట పట్టుకుని వెనక బాబు కూర్చోవాలి. బుట్టకు గట్టి మూత ఉండేలా చూడండి, ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర హారన్లకు పిల్లి దూకిందంటే తండ్రీకొడుకులిద్దరూ మళ్లీ మాట్లాడుకోవడం మానేస్తారు.