ఇగ్బోలో ‘తాను’ ఉంది, ‘మీరు’ లేదు

ఈసారి ప్రశ్నలన్నీ ఆగ్నేయ నైజీరియా భాష ఇగ్బో సర్వనామాల మీదే వచ్చాయి. ముందు రాత గురించి ఒక మాట. 1961 నుంచి వాడుకలో ఉన్న ఒన్వు పద్ధతిలో ఇగ్బోకు ఎనిమిది అచ్చులు. వాటిలో మూడింటికి అక్షరం కింద చుక్క పెడతారు. ఈ పేజీలో చుక్క ఉన్నవాటిని ఇ, ఒ, ఉ అనీ, లేనివాటిని ఈ, ఓ, ఊ అనీ రాస్తున్నాం. ఇది గుర్తు కోసమే, దీర్ఘం తీయమని కాదు.

ప్రశ్న: ‘అతను వచ్చాడు’కు ‘ఒ బియర’ అనీ, ‘అతను తిన్నాడు’కు ‘ఓ రీరీ’ అనీ ఉంది. ఇవి వేర్వేరు సర్వనామాలా?

ఒకటే. పక్కనున్న క్రియ అచ్చును బట్టి రూపు మారింది. ఇగ్బో అచ్చులు రెండు జట్లు: అ, ఇ, ఒ, ఉ ఒకటి; ఎ, ఈ, ఓ, ఊ ఇంకొకటి. మనం పులి‘కి’, ఆవు‘కు’ అనడం లేదూ, అలాంటి సర్దుబాటే. ‘నువ్వు’ కూడా ఇంతే: ఇ బియర, ఈ రీరీ. ‘నేను’ (మ్) అయితే సాధారణంగా క్రియకు ముందు అ గానీ ఎ గానీ చేరి, మ్ వెనక్కు పోతుంది: అబియర మ్, ఎరీరీ మ్. బహువచనాలకు ఈ గొడవే లేదు. అఞి (మనం, మేము రెండూ ఇదే), ఊనూ (మీరంతా), హ (వాళ్లు) ఏ క్రియ పక్కనైనా మారవు.

చాలామంది తప్పేది సహాయక క్రియ దగ్గర. ‘తింటున్నాడు’ అంటే ‘ఒ న-ఎరీ’. ఎరీలో ఎ, ఈ ఉన్నాయి కదా అని ‘ఓ న-ఎరీ’ అనేస్తారు. సర్వనామం చూసేది తనకు ఆనుకుని ఉన్న ‘న’ను, అందులో ఉన్నది అ. ‘గ’ (భవిష్యత్తు) దగ్గరా అంతే: ఒ గ-ఎరీ.

ఇక అతను, ఆమె, అది: అన్నిటికీ ఒ/ఓ ఒక్కటే. ఆడో మగో తేల్చి చెప్పాలంటే న్వోకె అహు (ఆ మగమనిషి), న్వఞి అహు (ఆ ఆడమనిషి) అనాలి.

ప్రశ్న: ‘వచ్చాను’ అన్నట్టు ఒట్టి ‘బియర’ అంటే సరిపోదా?

సరిపోదు. తెలుగులో ‘ను’, ‘వు’, ‘డు’ చేసే పని ఇగ్బో క్రియ చెయ్యదు. ఎవరు వచ్చినా బియరే, కాబట్టి కర్త తప్పనిసరి. ఎవరని చెప్పనక్కర్లేని చోట కూడా అ/ఎ పెడతారు: ‘అ న-అసు ఈగ్బో ఎబె అ’, అంటే ‘ఇక్కడ ఇగ్బో మాట్లాడతారు’. మనం కర్త లేకుండా ‘మాట్లాడతారు’ అనే చోట ఈ అ సరిగ్గా అతుకుతుంది.

ప్రశ్న: పెద్దవాళ్లను ‘ఊనూ’ అనొచ్చా?

ఒక్కరిని అనకూడదు, పక్కన ఇంకెవరున్నారా అని చూస్తారు. తాతగారినైనా ఇ/ఈ (నువ్వు), గి (నిన్ను, నీ) అనే అనాలి. గౌరవమంతా పిలుపులో ఉంటుంది: ‘న్న అఞి’ (మా నాన్నగారూ) అని మొదలుపెట్టి, ఆ తర్వాత ‘ఇ’ అన్నా తప్పు లేదు. మన నోటికి ఇది అలవాటు కావడమే కష్టం.

ప్రశ్న: ప్రశ్న అడగడానికి వేరే మాట ఉందా?

లేదు, ఆ పని చేసేది స్వరమే, అంటే గొంతు ఎత్తడం, దించడం. ‘ఒ బియర’లో ఒను పైస్వరంలో అంటే వచ్చాడు, కిందిస్వరంలో అంటే వచ్చాడా. మనలా వాక్యం చివర ఎత్తితే పని జరగదు. కర్త పేరైతే పేరు తర్వాత కిందిస్వరపు ఒ చేర్చాలి: ‘అద ఒ బియర?’, అద వచ్చిందా?

ప్రశ్న: ‘య’ అంటే ‘అతన్ని’, ‘అతని’ అని నేర్చుకున్నాం. ‘ఒ సిరి న య గ-అబియ’లో కర్తగా ఎలా వచ్చింది?

‘ఒ హురు య’ (అతన్ని చూశాడు), ‘అక్వుక్వొ య’ (అతని పుస్తకం) అని మీరు నేర్చుకున్నది సరైనదే. తనను తానే చూసుకుంటే ‘ఒ హురు ఓన్వె య’. అయితే య కర్త అయ్యే చోట్లూ ఉన్నాయి. ఒకటి జంటగా వచ్చినప్పుడు: ‘య న అద’ (అతనూ అదా), ఇక్కడ ‘ఒ న అద’ అనరు. రెండోది మీరడిగిన వాక్యం.

అది అచ్చంగా మన ‘తాను’. ‘ఒ సిరి న య గ-అబియ’: తాను వస్తానని చెప్పాడు. య బదులు ఒ పెట్టి ‘ఒ సిరి న ఒ గ-అబియ’ అంటే వచ్చేది ఇంకెవరో: అతను వస్తాడని చెప్పాడు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లకు ఈ తేడా చెప్పినా పట్టుబడదు, తెలుగువాళ్లకు విడిగా చెప్పే పనే లేదు.

కానీ తెలుగే ఒక గుంట కూడా తవ్వింది. ‘వస్తానన్నాడు’లో ‘ను’ కనబడుతోంది కదా అని ‘ఒ సిరి న మ్ గ-అబియ’ అంటే, వచ్చేది ఆ మాట చెబుతున్న మీరే అవుతారు.