పాఠకుల ప్రశ్నలు: మేడ మీద ప్లైవుడ్ పడవ

ప్రశ్న: పులికాట్ సరస్సులో తెడ్లు వేసుకుంటూ తిరగడానికి 12 అడుగుల పడవ ఒకటి మా మేడ మీదే తయారు చేసుకోవాలని కోరిక. 18 మి.మీ. కమర్షియల్ ప్లైవుడ్‌ను తెల్ల జిగురుతో అతికించి మేకులు కొడితే చాలునని మా వడ్రంగి అంటున్నారు. ఆయన చెప్పినట్టు చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: బీరువాకైతే మీ వడ్రంగి సలహా బాగానే ఉంటుంది, పడవకు పనికిరాదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల 18 మి.మీ. షీటు దాదాపు ముప్పై కిలోలు తూగుతుంది, పైగా వంగదు. 6 మి.మీ. షీటు అందులో మూడో వంతు బరువుతోనే పడవ ఆకారానికి లొంగుతుంది, ఆ వంపే దానికి బిగువును కూడా ఇస్తుంది.

కొనేటప్పుడు ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణ ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌నే అడగండి. దాని నమూనాను 72 గంటలు నీటిలో మరిగించినా పొరలు విడిపోకూడదన్నది నిబంధన. కమర్షియల్ రకంలోని జిగురు గాలిలోని తేమకు ఓర్చుకుంటుందే తప్ప నీటిలో నానితే నిలవదు. ముద్ర ఉన్నప్పటికీ షీటు అంచును వెలుతురులో పెట్టి చూసి, లోపలి పొరల్లో సందులు కనబడితే తిరిగి ఇచ్చేయండి. వంచినప్పుడు పలక విరిగేది అక్కడే.

మేకులకు బదులు, పలకల అంచుల వెంట చిన్న రంధ్రాలు చేసి, రాగి తీగతో కుట్టి, లోపలి మూలలను ఎపాక్సీతో (హార్డెనర్ అనే ద్రవం కలిపితే గట్టిపడే రెసిన్ జిగురు) నింపే పద్ధతి ఇంట్లో చేసుకునేవారికి అనువైనది. బ్రిటన్‌లో 1963లో వచ్చిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ దీనికి పేరు తెచ్చింది. పలకలను కుట్టడం మద్రాసు తీరానికి కొత్త సంగతేమీ కాదు. కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలే ఒకప్పుడు ఇక్కడ ఓడల నుంచి ప్రయాణికులను అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవి. అయితే వాటిలో కుట్టే ఆధారం, ఇక్కడ ఎపాక్సీ గట్టిపడ్డాక తీగను తీసివేయవచ్చు. మెత్తని రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ ముద్దను మూలలో పెట్టి, చెంచా వీపుతో గుండ్రంగా నునుపు చేసి, దానిపై ఫైబర్‌గ్లాస్ పట్టీని ఎపాక్సీలో తడిపి అతికించాలి. కోసిన ప్రతి అంచుకూ ఎపాక్సీ పట్టించడం మరవకండి, ప్లైవుడ్ నీటిని ఎక్కువగా పీల్చేది అంచుల నుంచే.

చెన్నై ఎండలో ఒక జాగ్రత్త అవసరం. హార్డెనర్ కలిపిన ఎపాక్సీని మగ్గులో ఉంచితే తన వేడికి తానే మరిగి గడ్డకడుతుంది కనుక, కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి పళ్ళెంలో పరచుకోండి. పూత ఉదయం వేస్తే, ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూత నిండా బుడగలు లేస్తాయి. సాయంత్రం, చెక్క చల్లబడుతున్నప్పుడు వేస్తే ఆ బెడద ఉండదు. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన పెయింటు తప్పనిసరి.

ప్రశ్న: ఎపాక్సీ ఖరీదు ఎక్కువ. కాసిమేడు చేపల రేవులోని ఫైబర్ పడవలకు వాడే పాలిస్టర్ రెసిన్ వాడకూడదా?
– మరొక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఆ పడవలను అచ్చులో గాజు గుడ్డ పొరలతో చేస్తారు, అక్కడ పాలిస్టర్ చక్కగా పనిచేస్తుంది. చెక్కను మాత్రం అది ఎపాక్సీ అంత గట్టిగా పట్టుకోదు. చెక్క తడిసి, ఆరి, మళ్ళీ తడిసేసరికి పొర ఊడి వస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే పడవ పొడవు తగ్గించుకోండి.