మంగోలియాలో రైలు, చేపలు, గుర్రాలు: గోబీ తీసేయండి, ఒకే ఇంటి దగ్గర నాలుగు రాత్రులు ఉండండి

మీరూ, 61 ఏళ్ల మీ నాన్నగారూ వచ్చే ఆగస్టులో 10 రోజుల మంగోలియా గైడెడ్ టూర్‌కి వెళ్లాలనుకుంటున్నారు. అందులో రాత్రి రైలు, చేపలు పట్టడం, సంచార కుటుంబాల దగ్గర గుర్రపు స్వారీ, ఖువ్స్‌గుల్ సరస్సు, గోబీ ఎడారి అన్నీ ఉన్నాయి. ఇద్దరూ ఎప్పుడూ గుర్రం ఎక్కలేదు, నాన్నగారు మాంసం ముట్టరు, వెళ్లొచ్చా అని అడిగారు.

వెళ్లండి. కానీ గోబీ తీసేయమని ఇవాళే వాళ్లకి మెయిల్ పెట్టండి. ఖువ్స్‌గుల్ ఉత్తరాన రష్యా సరిహద్దు దగ్గర, గోబీ దక్షిణాన చైనా వైపు. ఈ రెండూ 10 రోజుల్లో అంటే మీరు చూసేది వ్యాన్ కిటికీయే.

నేనూ మా బాబాయి కొడుకూ 2024 ఆగస్టులో వెళ్లాం. మా ప్లాన్ కూడా ఇలాగే కిక్కిరిసి ఉండేది, రోజుకో చోటు, రాత్రికో గెర్. (గెర్ అంటే వాళ్ల గుండ్రటి గుడారం, చెక్క చట్రం మీద ఉన్ని తొడుగు.) నాలుగో రోజు ఎగ్ నదిలో కలిసే ఒక ఏరు వానకి పొంగింది. మేం ఉన్న వ్యాన్, అక్కడ అందరూ ఫుర్గోన్ అంటారు, పాతకాలం రష్యా బండి, ఎక్కడికైనా వెళ్తుంది గానీ డ్రైవరు నీళ్లలోకి పది అడుగులు నడిచి వెనక్కి వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఒక్క రాత్రి ఉండాల్సిన ఇంటి దగ్గర నాలుగు రాత్రులు ఉండిపోయాం. మొదటి రోజంతా నాకు ఒకటే టెన్షన్, కట్టిన డబ్బులు పోతున్నాయని. ఇప్పుడు ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నదంతా ఆ నాలుగు రోజులే.

మొదటి రాత్రి మేం వాళ్లకి అతిథులం. టీ పోశారు, మేం తాగాం, ఫొటోలు తీసుకున్నాం, అంతే. రెండో రోజు పొద్దున ఆ ఇంటి కోడలు నా చేతికి పలుపు తాడు ఇచ్చి గుర్రప్పిల్లని పట్టుకోమంది. వేసవిలో ఆడగుర్రాల పాలు రెండేసి గంటలకోసారి, రోజుకి ఐదారు సార్లు తీస్తారు. పగలంతా గుర్రప్పిల్లల్ని నేల వెంట లాగి కట్టిన ఒక పొడవాటి తాడుకి వరసగా కట్టేస్తారు, తల్లులు వాటిని వదిలి దూరం పోవు. పాలు తీసేటప్పుడు ముందు పిల్లని నోరు పెట్టనివ్వాలి. మన దగ్గర దూడని వదిలితే గేదె చేపుతుంది చూడండి, అచ్చం అదే. చేపగానే పిల్లని పక్కకి లాగి తల్లి కళ్లెదుటే ఆనించి పట్టుకోవాలి, కోడలు ఒక మోకాలు నేలకి ఆన్చి, రెండో మోకాలి మీద బకెట్ పెట్టుకుని గబగబా పితికేస్తుంది. ఒక్కోసారికి వచ్చేవి కాసిని పాలే. నా పని ఆ పిల్లని కదలకుండా పట్టుకోవడం. దాని గుండె నా మోచేతి కింద కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది, మెడ మీద బొచ్చు వెచ్చగా, కొంచెం పుల్లటి వాసన. మా అమ్మమ్మ గారింట్లో చిన్నప్పుడు దూడని పట్టుకున్న చేతులే అవి, నేర్పించాల్సిన అవసరం రాలేదు. ఆమె నన్ను చూసి ఏదో అంది, దుబాసీ అమ్మాయి "మీ ఇంట్లో పశువులు ఉన్నాయా అంటోంది" అని చెప్పింది. అక్కడి నుంచి మేం అతిథులం కాదు.

ఒక్క రాత్రిలో ఇది జరగదు. అందుకే చెప్తున్నా, చోట్లు తగ్గించండి.

ఇక స్వారీ. మా ఆపరేటర్ కాగితం మీద రోజుకి ఆరు గంటలని రాశాడు, ఎప్పుడూ ఎక్కనివాళ్లకి అది చాలా తప్పు. మొదటి రోజు గంటన్నర, రెండో రోజు రెండు గంటలు, ఆపైన ఒళ్లు ఎలా చెబితే అలా. మంగోల్ గుర్రం పొట్టిది, చూస్తే ధైర్యంగానే అనిపిస్తుంది, కానీ అది సగం అడవి జంతువు, ఏడాదంతా బయటే ఉంటుంది, పర్యాటకుల కోసం పెంచింది కాదు. ఎడమ వైపు నుంచే దగ్గరికి వెళ్లాలి, ఎడమ వైపు నుంచే ఎక్కాలి. కదలమనడానికి "చూ!" అంటారు. చిన్న పరుగు అందుకున్నప్పుడు జీనులో కూర్చుంటే నడుం విరిగిపోతుంది, వాళ్లు రికాబుల (జీనుకి వేలాడే, పాదం పెట్టే కడియాల) మీద లేచి నిలబడతారు, మీరూ అలాగే నిలబడండి. వాళ్ల సొంత జీను చెక్కది, ముందూ వెనకా ఎత్తుగా ఉంటుంది, మెత్త వేసిన జీను కావాలని ముందే అడగండి.

నేను పడ్డాను, ఎలా పడ్డానో చెప్తాను, ఇది మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి. మూడో రోజు మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. గుర్రం మీద కూర్చునే బ్యాగులోంచి ప్లాస్టిక్ రెయిన్‌కోట్ తీసి విదిలించాను. ఆ పటపట చప్పుడుకి గుర్రం ఒక్క ఉదుటున పక్కకి దూకింది, నేను గాల్లో ఉన్నాను, తర్వాత గడ్డిలో ఉన్నాను. భుజం మూడు వారాలు నొప్పి పెట్టింది, ఎముక విరగలేదు. పాదం రికాబులో ఇరుక్కుని ఉంటే ఈ జవాబు రాసేవాణ్ణి కాదేమో. గుర్రం మీద ఉండగా కోటు వేసుకోకూడదు, తీయకూడదు, చప్పుడు చేసే బట్ట అసలు ఒంటి మీద ఉండకూడదు. ఏదైనా కావాలంటే ఆగమని చెప్పి దిగాలి. రికాబులో కాలి మునివేళ్ల భాగం మాత్రమే ఉండాలి, మడమ దాకా దూర్చకండి. హెల్మెట్ వాళ్ల దగ్గర ఉంటుందో లేదో అని చూడకుండా మీదే పట్టుకెళ్లండి. ఇన్సూరెన్స్‌లో గుర్రపు స్వారీ కవర్ అవుతుందా, మారుమూల నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తారా, ఈ రెండూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అక్కడ పెద్దాసుపత్రి అంటే ఒక రోజు ప్రయాణం.

రైలు గురించి మీరు తక్కువ అడిగారు గానీ నాకు అది చాలా నచ్చింది. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి ఎర్దెనెత్‌కి సాయంత్రం ఎక్కితే పొద్దున్నే దిగుతాం. ఎర్దెనెత్ రాగి గనుల ఊరు, అక్కడ వ్యాన్ ఎక్కి బుల్గాన్ మీదుగా పడమరకి. ఆ రైలు నడిపేది 1949లో సోవియట్ యూనియన్‌తో కలిసి పెట్టిన సంస్థ, పట్టాలు 1520 మిల్లీమీటర్ల రష్యా గేజ్, మన బ్రాడ్ గేజ్ 1676 కంటే కాస్త ఇరుకు. చైనాది 1435. అందుకే చైనా వెళ్లే రైలు సరిహద్దులో గంటలకొద్దీ ఆగుతుంది, పెట్టెల్ని పైకి లేపి కింద చక్రాల ట్రక్కులు మారుస్తారు. మీ టూర్‌లో ఆ ముక్క లేదు కాబట్టి ఆ అవస్థా లేదు. నలుగురుండే కూపే అడగండి. ప్రతి పెట్టె చివర వేడినీళ్ల బాయిలర్ ఉంటుంది, మేం ఇన్‌స్టంట్ ఉప్మా అందులో నీళ్లతోనే కలుపుకున్నాం, మా కూపేలో ఉన్న పెద్దాయన మా గిన్నెలోకి చూసి, తన సంచీలోంచి ఆరూల్ తీసి పెట్టాడు. ఆరూల్ అంటే ఎండబెట్టిన పెరుగు గడ్డ, రాయిలా ఉంటుంది, కొరకొద్దు, బుగ్గన పెట్టుకోండి.

చేపల సంగతి. టైమెన్ అనే చేప కోసం ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. సాల్మన్ జాతుల్లోకెల్లా పెద్దది, మీటరు దాటి పెరుగుతుంది, నీళ్ల మీద ఈదే ఎలుకల్ని కూడా మింగుతుంది కాబట్టి ఎర కూడా ఎలుక ఆకారంలోనే కడతారు. నెమ్మదిగా ఎదిగే చేప, అంతరించే ప్రమాదం ఉంది, అందుకే పట్టినా వదిలేయాల్సిందే, దానికి పర్మిట్ కూడా ఉండాలి. మీ ఆపరేటర్ పర్మిట్ కాగితం ముందే చూపించకపోతే ఆ రోజు చేపలు పట్టకండి. గాలం కొన దగ్గర చేప జారిపోకుండా వెనక్కి తిరిగిన చిన్న మొన ఉంటుంది కదా, దాన్ని ప్లయర్స్‌తో నొక్కేస్తారు, ఒకే ముల్లు ఉన్న గాలం వాడతారు. మూడు రోజులు నీళ్లలో నిలబడ్డా మాకు టైమెన్ తగల్లేదు. లెనోక్ అనే చేపలు తగిలాయి, వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉండే గ్రేలింగ్‌లు తగిలాయి. గైడ్ ముందు చేతులు తడుపుకోమన్నాడు, పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీద జిగురు పోతుందట. లెనోక్‌ని ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నీళ్లలోనే రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. మొదట ఊరికే ఉంది, మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. తర్వాత ఒక్క విదిలింపు, చేతుల్లో నీళ్లు తప్ప ఏమీ లేదు.

ఆ ఇంట్లో వాళ్లెవరూ చేపలు తినరు. పెద్దావిడ మేం నది నుంచి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది, వదిలేశారా అని. నదికి లూస్ అనే దేవతలు ఉంటారని వాళ్ల నమ్మకం, ఆ మాట టిబెటన్ నుంచి వచ్చింది, మన నాగులే. అందుకే నదిలో గిన్నె కడగకూడదు, సబ్బు నురగ పోనివ్వకూడదు, పాలు ఒలకకూడదు. చెంబుతో నీళ్లు తెచ్చుకుని దూరంగా కడుక్కోవాలి. నాకు ఇది నమ్మకమో కాదో అనవసరం అనిపించింది, ఆ నది నీళ్లు దోసిలితో తాగగలిగినంత తేటగా ఉన్నాయి, దానికి కారణం ఈ అలవాటే అనుకుంటున్నా.

నాన్నగారి తిండి గురించి భయపడకండి, ఆగస్టు అయితే. వేసవిలో వాళ్లు తినేది ఎక్కువగా పాలతో చేసినవే, తెల్లని తిండి అంటారు. ఒరోమ్ అని చెయ్యి మందాన మీగడ, పెరుగు, జున్నులాంటిది, ఉప్పు వేసిన పాల టీ. కానీ నూడుల్స్ మాత్రం మాంసం ఉడికించిన నీళ్లలోనే చేస్తారు, కాబట్టి దుబాసీకి "మాంసం వద్దు" అని కాదు, "మాంసం వండిన నీళ్లు కూడా వద్దు" అని చెప్పండి. అన్నం దొరుకుతుంది. కందిపొడి, ఆవకాయ, చిన్న డబ్బాలో నెయ్యి పట్టుకెళ్తే పది రోజులు హాయిగా గడిచిపోతాయి. ఐరాగ్, అంటే పులియబెట్టిన గుర్రప్పాలు, పెద్ద గిన్నె నిండా ఇస్తారు. కొంచెం మద్యం ఉంటుంది, అలవాటు లేని కడుపుకి తిరగబడుతుంది. వద్దనకుండా రెండు చేతులతో అందుకుని, పెదవి తడిపి తిరిగి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. గడప తొక్కకండి, మధ్యలో ఉండే రెండు గుంజల నడుమ నుంచి నడవకండి. ఈ రెండూ పాటిస్తే మిగతావి వాళ్లే చూపిస్తారు.

డబ్బు గురించి ఒక మాట. దేశంలో జనం సుమారు 35 లక్షలు, పశువులు 5 కోట్ల పైనే. మేం వెళ్లడానికి ముందు వచ్చిన చలికాలం 2023-24ది జుద్, అంటే గడ్డి మంచు కింద గట్టిపడి పశువులు మేత అందక చనిపోవడం. దేశం మొత్తం మీద 70 లక్షలకు పైగా పోయాయి. మేం ఉన్న ఇంటికీ ఆ దెబ్బ తగిలింది, ఎన్ని పోయాయని మేం అడగలేదు, అడగకూడదు కూడా. మీరు కట్టే మొత్తంలో ఆ కుటుంబానికి రాత్రికి ఎంత, గుర్రానికి ఎంత వెళ్తుందో ఆపరేటర్‌ని సూటిగా అడగండి. సరిగ్గా చెప్పేవాడితోనే వెళ్లండి.

రాత్రిళ్లు చలి బాగా ఉంటుంది, పొయ్యి మూడింటికల్లా ఆరిపోతుంది. అలా ఆరిపోయి లేచిన రాత్రే, ఆగస్టు 14 తెల్లవారుజామున, బయటికి వస్తే తూర్పున రెండు చుక్కలు అతుక్కున్నట్టు పక్కపక్కన, ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా. పొద్దున దుబాసీ అమ్మాయిని అడిగితే ఆ ఇంటి పెద్దాయన్ని అడిగి చెప్పింది: "అంగారగ్, బర్ఖస్‌బది." నేను మళ్లీ చెప్పమన్నాను. అంగారకుడు, బృహస్పతి. శుక్రుడు సుగర్, శని సంచిర్, బుధుడు బుద్. బౌద్ధంతో పాటు ఎప్పుడో వెళ్లిన పేర్లు అవి. నేను మన పేర్లు ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన టీ గిన్నె పక్కన పెట్టి, ప్రతి పేరుకీ తల ఊపుతూ విన్నాడు.

మేం బయల్దేరిన రోజు ఏరు తగ్గింది. పెద్దావిడ చెక్క గరిటెతో మా బండి వెనక పాలు చల్లింది, దారి బాగుండాలని. చాలాసేపు అలా నిలబడే ఉంది.

నాన్నగారికి మోకాళ్ల నొప్పులు గానీ బీపీ గానీ ఉన్నాయా? ఉంటే రాయండి, స్వారీ బదులు ఎడ్లబండి ఇచ్చే ఇళ్లూ ఉంటాయి, ఆపరేటర్‌ని ఏమని అడగాలో చెప్తాను.